ఒక్క నంబరు చూడటానికి ఇంత సేపా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు హనుమకొండలో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట: "సైటు ఓపెన్ అయితలేదు." చూడవలసింది ఏమంత పెద్దదా అంటే కాదు. హాల్‌టికెట్ నంబరు కొట్టడానికి ఒక గడి, పక్కన ఒక బటన్, ఆ తర్వాత మహా అయితే పది వరుసల మార్కులు. కాగితం మీద రాస్తే అరపేజీ నిండదు. అయినా తండ్రి ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, తల్లి ఫోన్‌లోనూ అంతే. పిల్లవాడు నయీంనగర్ ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తితే అక్కడా అదే చక్రం.

ఈ ప్రశ్నతో వరంగల్‌కు ఇంకో బంధుత్వం కూడా ఉంది. తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్ల కౌన్సెలింగ్ నడిపేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఏ విడత జాబితా ఎప్పుడొస్తుందా అని ఆదిలాబాద్ నుంచి నాగర్‌కర్నూల్ దాకా తల్లిదండ్రులు రాత్రిళ్లు ఫోన్ తెర కిందికి లాగి లాగి చూస్తుంటారు. వాళ్లకు ఆ వెబ్‌సైటు అందంగా ఉందా లేదా అన్నది పట్టదు. కావలసిన ఒక్క వరుస ఎక్కడుంది, ఎంత త్వరగా వస్తుంది, అంతే.

ఆలస్యానికి జనం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి "నెట్ లేదు", రెండోది "సర్వర్ డౌన్". రెండింట్లోనూ నిజముంది. కానీ ఆ రెండింటినీ ఇంకాస్త ముదరబెట్టే మూడో కారణం ఒకటుంది, దాని పేరు ఎవరూ ఎత్తరు. అది పేజీ బరువు.

తెర మీది పేజీ, తీగలోని పేజీ

మన కంటికి వెబ్‌పేజీ ఒకే వస్తువు. ఫోన్‌కు అది చిన్నాపెద్దా సరుకుల జాబితా. పేజీ అడగగానే ముందు ఆ జాబితా వస్తుంది. పైన పెట్టాల్సిన లోగో, పక్కన మంత్రిగారి ఫొటో, కదిలే బొమ్మల పట్టీ, అక్షరాల ఫాంటు, ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టే ప్రోగ్రాం, అన్నీ అందులో ఉంటాయి. ఫోన్ ఒక్కోదాన్నీ విడిగా అడిగి తెచ్చుకోవాలి. ఈ రోజుల్లో ఒక మామూలు మొబైల్ పేజీ 2 ఎంబీ దాటిపోయింది. దానికోసం ఫోన్ పంపే అభ్యర్థనలు 70కి అటూఇటూ ఉంటున్నాయి.

ఈ సరుకంతా ఒక్కసారి కుమ్మరించినట్టు వస్తుందనుకుంటాం. రాదు. దానికో చరిత్ర ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య ఇంటర్నెట్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి ఏకంగా 40 బిట్లకు పడిపోయింది. ఎవరికి వారు తమ సమాచారాన్ని ఆపకుండా తోసేయడం, అందలేదనుకున్నది మళ్లీ తోయడం, దాంతో దారి మూసుకుపోవడం, ఇదీ జరిగింది. అక్కడ పనిచేసే వాన్ జేకబ్సన్ దీనికి విరుగుడు కనిపెట్టి 1988లో ప్రచురించాడు. ముందు కొంచెమే పంపు. అవతలివాడు 'అందింది' అంటే దానికి రెట్టింపు పంపు. అదీ అందితే మళ్లీ రెట్టింపు. దీన్ని 'మెల్లమొదలు' అందాం. ఇవాళ్టికీ చాలామటుకు ఇంటర్నెట్ నడక ఇదే.

ఈ మెల్లమొదలులో మొదటి విడత ఎంతో తెలుసా? 2013లో పెంచిన తర్వాత కూడా పది పొట్లాలు (ప్యాకెట్లు), అంటే సుమారు 14 కేబీ. రెండో విడతలో 28, మూడో విడతలో 56. ఇలా కూడుకుంటూ పోతే మూడు విడతలకు 98 కేబీ చేరుతుంది. 2 ఎంబీల పేజీ ఒక్క చోటు నుంచే వస్తుందనుకుంటే ఎనిమిది విడతలు కావాలి. అసలు సరుకు కదలకముందే సర్వర్ చిరునామా కనుక్కోవడానికి, పలకరింపుకు, సమాచారాన్ని గోప్యంగా ఉంచే తాళంచెవులు మార్చుకోవడానికి రెండు మూడు రాకపోకలు అయిపోతాయి.

ఒక రాకపోకకు ఎంతసేపు? గాజుతీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వరంగల్ నుంచి ముంబై సర్వర్‌కు వెళ్లి రావడానికి తీగలో పట్టేది సెకనులో వందో వంతు లోపే. సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే ఎనిమిదో వంతుకు పైమాట. ఈ దూరం ఎవరూ తగ్గించలేరు. దీనిమీద సెల్ టవర్ దగ్గర నిరీక్షణ కలుస్తుంది. అందరూ ఒకేసారి ఫోన్ తెరిచిన రోజు ఆ నిరీక్షణే ఎక్కువ. ఒక్కో రాకపోకకు అర సెకను పడితే పదకొండు రాకపోకలకు ఐదు సెకన్లకు పైనే. మధ్యలో ఒక పొట్లం జారిపోతే, పంపేవాడు దారి ఇరుకైందనుకుని మళ్లీ తగ్గిస్తాడు. అందుకే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా పేజీ రాదు.

ఇప్పుడు సర్వర్ వైపు నుంచి చూడండి. ఫలితాలు విడుదలైన మొదటి నిమిషాల్లో లక్షమంది వచ్చారనుకుందాం. పేజీ 2 ఎంబీలైతే సర్వర్ పంపవలసింది 200 జీబీ. అదే పేజీని 20 కేబీలకు దించితే 2 జీబీ. నూరో వంతు. అభ్యర్థనలు కూడా 70 లక్షల నుంచి రెండు మూడు లక్షలకు దిగుతాయి. మార్కుల పట్టికను వెతికి తీసే పని ఎటూ తప్పదు, దానికి వేరే తంటాలున్నాయి. కానీ ఆ ఒక్క రోజుకు కదిలే బొమ్మలూ, స్వాగత సందేశాలూ పక్కన పెడితే సర్వర్ తన అసలు పని చూసుకుంటుంది.

తెలుగు అక్షరానికి మూడు బైట్లు

బరువు మాట వచ్చింది కాబట్టి మన లిపి సంగతి చూడాలి. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య. వెబ్‌లో అది ప్రయాణించేటప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే తెలుగు గుర్తుకు మూడు పడతాయి. 'హనుమకొండ' అని రాయండి. హ, న, కొమ్ము, మ, క, ఒత్వం, సున్న, డ. ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. అబ్బో, తెలుగు ఇంత బరువా అనిపించవచ్చు. కానీ రెండు వేల గుర్తుల నోటీసు మొత్తం రాసినా 6 కేబీ. పంపేముందు కుదించి కడితే ఇంకా తగ్గుతుంది. మెల్లమొదలులో మొదటి విడతకే వచ్చేస్తుంది.

మరి మన దగ్గర నోటీసులు అలా వస్తున్నాయా? ఎక్కువభాగం కాగితం మీద అచ్చు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ బొమ్మను ఎక్కిస్తారు. అదే మాట అప్పుడు కొన్ని వందల కేబీలవుతుంది, ఒక్కోసారి ఎంబీలు. ఫోన్‌లో పెద్దది చేసి చదవబోతే వరుస కుడివైపుకు పారిపోతుంది, వేలితో లాగి తెచ్చుకోవాలి. గూగుల్‌లో వెతికితే సరిగా దొరకదు. చూపు లేనివాళ్లు వాడే చదివిపెట్టే ప్రోగ్రాం దాని ముందు నోరు మెదపదు, ఎందుకంటే అక్కడ అక్షరాలు లేవు, అక్షరాల ఫొటో ఉంది.

ఇది ఆఫీసులవాళ్ల బద్ధకం అని తేల్చేస్తే అన్యాయం. దీని వేరు డీటీపీ సెంటర్లలో ఉంది. పెళ్లిపత్రికల నుంచి కరపత్రాల దాకా చాలాచోట్ల తెలుగు కొట్టేది ఇప్పటికీ అను ఫాంట్లలోనే. వాటికి లెక్క వేరు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే, పైన వేసే ముఖం తెలుగుది. ఆ ఫాంటు లేనిచోట అదే వాక్యం పిచ్చి గుర్తుల కుప్ప. వెబ్‌లో అతికిస్తే పనికిరాదు కాబట్టి బొమ్మగా మార్చడం తప్ప దారి లేకపోయింది. మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లకూ ఇదే గతి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, అది దించుకోకపోతే వార్త చదవలేం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యూనికోడ్ ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచారి పోతన ఫాంటును ఉచితంగా ఇచ్చారు. పాత వరంగల్ జిల్లాలోని బమ్మెర కవి పోతన పేరు అలా ప్రపంచంలోని తెలుగు కంప్యూటర్లలోకి ఎక్కింది. ఇవాళ దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. ఇంకా బొమ్మలుగా పంపాల్సిన అవసరం లేదు. అలవాటు మాత్రం పోలేదు.

తేలిక అంటే బోసిగా ఉండటం కాదు

పేజీ బరువు ఇలా తగ్గించే 'పొదుపు డిజైన్' అనగానే చాలామంది తెల్లటి ఖాళీ పేజీని ఊహించుకుంటారు. ఇక్కడే పొరపాటు. వరంగల్ నుంచి ములుగు మీదుగా పాలంపేట వెళితే రామప్ప గుడి ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరం ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. కిందేమో ఇసుక నింపిన పునాది. మెత్తటి పునాది మీద పై బరువు తక్కువుండాలని స్థపతి లెక్క. మరి ఆ గుడి బోసిగా ఉందా? నల్లరాతి మదనికల మెడలో హారాలు కూడా రాతిలోనే చెక్కారు. అలంకారం తీసేయలేదు. చూపు ఆనేచోట ఉంచి, మోసేచోట బరువు తీసేశారు.

వెబ్‌లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. తెర మొత్తం తెలుపు, మధ్యలో ఒకే వాక్యం, అబ్బ ఎంత ప్రశాంతంగా ఉందో అనిపించే పేజీ వెనక ఐదారు ఎంబీల వీడియో నడుస్తుంటుంది. చూడటానికి ఉపవాసం, తూకానికి విందు. ఇంకోవైపు అక్షరాలతో కిక్కిరిసిన పాతకాలపు పేజీ కళకళలాడకపోయినా చిటికెలో తెరుచుకుంటుంది. వీటిలో పొదుపైనది ఏదో తూకం వేస్తేనే తెలుస్తుంది, చూస్తే కాదు. నన్నడిగితే డిజైనర్లు తమ పని చూపించేటప్పుడు తెర ఫొటోతోపాటు పేజీ బరువూ రాసి పెట్టాలి.

కంటికి, బుర్రకు పట్టే సమయం

పేజీ వచ్చేసింది. ఇక ఆలస్యం మనిషి వైపు మొదలవుతుంది.

1952లో హిక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త కొన్ని దీపాలు, వాటికి తగిన మీటలు పెట్టి, ఏ దీపం వెలిగితే ఆ మీట నొక్కమని ప్రయోగం చేశాడు. దీపాలు పెరిగేకొద్దీ ఎంచుకునే సమయం పెరిగింది. అయితే రెండింతల దీపాలకు రెండింతల సమయం పట్టలేదు. ప్రతి రెట్టింపుకూ ఒకే మోతాదు కలిసింది. ఎనిమిది ఉన్నా పదహారు ఉన్నా పెద్ద నష్టం లేదని దీన్ని చూసి కొందరు అంటారు. ఒక సంగతి మరిచిపోతారు. హిక్ ప్రయోగంలో ఏ దీపానికి ఏ మీటో మనిషికి ముందే తెలుసు. ఎప్పుడూ చూడని పేజీలో వరుసా వావీ లేని నలభై లింకులుంటే మొదటి నుంచి ఒక్కోటీ చదువుకుంటూ పోవాలి. అక్కడ నలభైకి ఇరవైకి రెండింతల తేడానే.

దగ్గరి ఉదాహరణ చూడండి. ఏ ప్రభుత్వ దరఖాస్తులోనైనా 'జిల్లా' గడి నొక్కితే 33 పేర్లు దిగుతాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది, మండలాలూ కొన్ని అటూఇటూ మారాయి. కాజీపేటలో ఉండే పెద్దాయన జీవితమంతా 'మాది వరంగల్' అన్నాడు. ఇప్పుడు ఆయన జిల్లా హనుమకొండ. ఖిలా వరంగల్‌లో ఉండేవారిది వరంగల్ జిల్లా. జాబితాను ఇంగ్లీషు వరుసలో పెడితే హనుమకొండ ముందువైపు వస్తుంది, తెలుగు వరుసలో పెడితే అట్టడుగుకు పోతుంది. కాజీపేట పెద్దాయన పైకీ కిందికీ లాగి, చివరికి అలవాటు కొద్దీ వరంగల్ నొక్కుతాడు. తర్వాతి గడిలో కాజీపేట మండలం కనిపించదు. ఇక ఫోన్ మనవడి చేతికి. ఇక్కడ రంగులు మార్చితే ఏం లాభం? మండలం పేరు రెండక్షరాలు కొట్టగానే జిల్లా దానంతటదే నిండిపోతే ఒక ప్రశ్నే ఎగిరిపోతుంది. పొదుపులో అన్నిటికంటే మేలైనది ఇదే, అడగక్కర్లేనిది అడగకపోవడం.

జనం దృష్టిలో పడాలని పెద్ద అక్షరాలతో, రంగుల డబ్బాలో పెట్టి మిణుకుమిణుకుమనిపిస్తారే, దాని సంగతి కూడా చెప్పాలి. 1998లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో బెన్‌వే, లేన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా గమనించారు. వెతుకుతున్న లింకు పేజీలో అన్నిటికంటే పెద్దగా, రంగుల పట్టీలో ఉంటే జనం దాన్నే చూడకుండా దాటేస్తున్నారు. ప్రకటన అనుకుని కన్ను తనంతట తానే పక్కకు తప్పుకుంటోంది. మన కాలేజీల వెబ్‌సైట్లలో కుడి నుంచి ఎడమకు పరుగెత్తే ఎర్ర వరుస, పక్కన దూకే 'న్యూ' బొమ్మ చూసినప్పుడల్లా ఈ ప్రయోగం గుర్తుకొస్తుంది. ముఖ్యమైనదాన్ని అందరికంటే గట్టిగా అరిపించి, ఎవరికీ వినపడకుండా చేస్తున్నాం.

ఎక్కువ ఇస్తే మంచిదే కదా అనే వాదన ఒకటుంది. 2006లో గూగుల్ తరఫున మరిస్సా మేయర్ ఒక సదస్సులో తమ అనుభవం చెప్పారు. పేజీకి పది ఫలితాలకు బదులు ఎక్కువ కావాలా అంటే జనం కావాలన్నారు. ముప్ఫై ఇచ్చి చూశారు. వెతుకులాట 20 శాతం తగ్గింది. పది ఫలితాల పేజీ 0.4 సెకన్లలో వస్తుంటే, ముప్ఫై ఉన్నది 0.9 సెకన్లు తీసుకుంటోంది. తేడా అర సెకను. కావాలని నోటితో అడిగినవాళ్లే, ఆ అర సెకను ఓర్చుకోలేకపోయారు. అయితే 'ఎంత తక్కువ ఇస్తే అంత మేలు' అని దీన్ని సాగదీయకూడదు. ఇరవై నాలుగు రకాల జామ్ పెడితే కొన్నవాళ్లు తక్కువ, ఆరు రకాలు పెడితే ఎక్కువ అని 2000లో వచ్చిన ఒక ప్రయోగాన్ని డిజైన్ పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ తర్వాత అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2010లో లెక్క చూస్తే, సగటున ఆ ప్రభావం సున్నాకు దగ్గర్లో తేలింది. ఎంపికలు ఎన్నున్నాయన్న దానికంటే అవి ఎలా సర్ది ఉన్నాయన్నదే ముఖ్యం కావచ్చు.

దాచిపెడితే పొదుపు కాదు

పొదుపు పేరుతో జరిగే అఘాయిత్యాలు కొన్ని ఉన్నాయి. మొదటిది మూడు గీతల గుర్తు. 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన ఈ బొమ్మ కింద ఇవాళ మెనూ మొత్తం తోసేస్తున్నారు. పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. ఆ గీతలు నొక్కాలని తెలియని మనిషికి మాత్రం లోపలున్నవి లేనట్టే. పింఛను వివరాలు చూసుకోవడానికి వచ్చిన ముసలమ్మకు మూడు గీతలు గీతల్లాగే కనిపిస్తాయి. పక్కన 'మెనూ' అని రెండక్షరాలు రాస్తే ఆరు గుర్తులు కూడా కావు, ఇరవై బైట్ల లోపే.

రెండోది లేత బూడిద రంగు అక్షరాలు. అక్షరానికీ దాని వెనకున్న రంగుకూ మధ్య కనీసం 4.5 రెట్ల వెలుగు తేడా ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్యాషన్‌గా వాడే బూడిద తెలుపు మీద మూడు రెట్లు కూడా ఉండదు. డిజైనర్ గదిలో ఖరీదైన తెర మీద బాగానే కనిపిస్తుంది. మే నెల ఎండలో, పగిలిన అద్దమున్న ఫోన్‌లో చూస్తే పేజీ ఖాళీ.

మూడోది అచ్చంగా మన సమస్య. ఇంగ్లీషు పేజీ కొలతలు తెచ్చి తెలుగు పోసేయడం. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు. 'రాష్ట్రం' అనే మాటలో ష కింద ట, దానికి ర. పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చోకుండా ఉండాలంటే వరుసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ ఎడం కావాలి. 'సబ్మిట్' కోసం కొలిచిన బటన్‌లో 'సమర్పించండి' పట్టదు. అక్షరాలు చిన్నవి చేస్తారు, లేదా మాట మధ్యలో విరిగిపోతుంది. 'పంపండి' అంటే సరిపోయేదానికి అంత మాట ఎందుకో కూడా ఆలోచించరు. తెలుగు పేజీలో ఖాళీ చోటు విలాసం కాదు, అక్షరం ఊపిరాడటానికి కావలసింది.

ఇంత చెప్పాక, ఏది తీసేయాలి అన్నది పేజీని బట్టి మారుతుందని కూడా ఒప్పుకోవాలి. వరంగల్ కొత్తవాడలో నేసే దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక నేతకారుల సంఘం వాటిని అమ్మడానికి వెబ్‌పేజీ పెట్టుకుంటుందనుకుందాం. పైన చెప్పిన నోటీసులో బొమ్మ దండగ, ఇక్కడ బొమ్మే సరుకు. రంగు, చారల అమరిక, అంచు కనపడకుండా దరీ ఎవరూ కొనరు. కాబట్టి ఫొటో ఉండాలి, తీసినది తీసినట్టు కాదు. ఫోన్ కెమెరా ఫొటో నాలుగైదు ఎంబీలు, వెడల్పు నాలుగు వేల చుక్కలు. ఫోన్ తెరకు వెయ్యి చుక్కలు చాలు. అలా కుదిస్తే నూరూ నూటయాభై కేబీలకు దిగుతుంది, కొనేవాళ్లకు తేడా తెలియదు. మిగతా ఫొటోలు కిందికి జరిపినప్పుడే రావాలి. ఫొటో కింద అడుగుల్లో కొలత, ధర, నూలో ఉన్నో, ఉతకవచ్చో లేదో, వాట్సాప్ చేయడానికి ఒక బటన్. సంఘం చరిత్ర రాయాలనిపిస్తుంది, రాయాలి కూడా, వేరే పేజీలో. సన్మానాల ఫొటోలు మొదటి పేజీలో ఉండాలని కార్యవర్గంలో ఎవరో ఒకరు పట్టుబడతారు. పేజీ తయారుచేసే కుర్రవాడికి అసలు పరీక్ష అక్కడే. కోడ్ రాయడం దానికంటే తేలిక.